గొలుసు కట్టిన లోహ క్లస్టర్లు: రెండు తరంగాలు కనబడగానే ముడి కుదిరినట్టేనా?

ఈ నెల రసాయన శాస్త్ర శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. లోహ క్లస్టర్లను ఒకదానితో ఒకటి జోడించి చేసే సమ్మేళనాలు, అవి ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకునే తీరు వాటిలోని అంశం. ఒక జవాబులో చెప్పినది మరొక జవాబుకు ఆధారంగా ఉంటుంది కనుక వరుసగా చదవమని మనవి.

ప్రశ్న: నేను హనుమకొండలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. జోడించిన లోహ క్లస్టర్ల గురించి సెమినార్ ఇవ్వమన్నారు. క్లస్టర్ అంటే లోహ పరమాణువుల గుంపు అన్నంతవరకే నాకు తెలుసు. ఒక క్లస్టర్‌ను మరొకదానితో ఎందుకు కలుపుతారు? కలిపితే కొత్తగా వచ్చేదేమిటి? (ఎం.ఎస్సీ. విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: క్లస్టర్ అనే మాటకు ఈ శాస్త్రంలో ఖచ్చితమైన అర్థం ఇచ్చినవారు అమెరికా శాస్త్రవేత్త ఎఫ్.ఏ. కాటన్. 1960ల్లో ఆయన చేసిన నిర్వచనం ప్రకారం, పరిమిత సంఖ్యలో ఉన్న లోహ పరమాణువులు తమలో తాము నేరుగా ఏర్పరచుకున్న బంధాల వల్ల, కనీసం చెప్పుకోదగినంత మేరకైనా, కలిసి నిలిచినప్పుడే అది లోహ క్లస్టర్ అవుతుంది. ఇప్పుడు ఆ మాటను కొంచెం విశాలంగానే వాడుతున్నారు. ఉదాహరణకు మూడు రుథీనియం పరమాణువుల త్రిభుజం నడుమ ఒక ఆక్సిజన్ ఉండి, చుట్టూ ఆరు అసిటేట్ సమూహాలు జతజతగా లోహాలను కట్టి ఉంచే సమ్మేళనంలో లోహాలను ప్రధానంగా పట్టి ఉంచేవి ఆ ఆక్సిజన్, అసిటేట్‌లే. అయినా ఎలక్ట్రాన్ల విషయంలో ఆ మూడు లోహాలు ఒకే కుటుంబంలా ప్రవర్తిస్తాయి కనుక దానిని క్లస్టర్ అనడమే సబబని నా అభిప్రాయం. ఈ జవాబుల్లో ఆ అర్థంలోనే వాడుతున్నాను.

క్లస్టర్ ప్రత్యేకత ఏమిటంటే, అది ఎలక్ట్రాన్‌ను తీసుకున్నా ఇచ్చినా సాధారణంగా విరిగిపోదు. మీ సెమినార్‌కు పనికివచ్చే చక్కని ఉదాహరణ ఒకటి చెబుతాను. మూడు కోబాల్ట్ పరమాణువులు త్రిభుజంగా నిలిచి, వాటి నెత్తిన ఒక కార్బన్ పరమాణువు టోపీలా కూర్చుని, ఒక్కో కోబాల్ట్‌కు మూడు చొప్పున తొమ్మిది కార్బన్ మోనాక్సైడ్ అణువులు అంటిపెట్టుకుని ఉండే ఊదారంగు సమ్మేళనం ఒకటుంది. దాని వేలన్సీ ఎలక్ట్రాన్ల లెక్క 48. దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే 49 అవుతుంది. ఆ అదనపు ఎలక్ట్రాన్ ఎక్కడుందో ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్ వర్ణపటం చెబుతుంది. కోబాల్ట్ కేంద్రకపు స్పిన్ 7/2. ఎలక్ట్రాన్ ఒక్క కోబాల్ట్ దగ్గరే ఉంటే 8 రేఖలు రావాలి, మూడింటికీ సమానంగా చెందితే 22 రావాలి. వచ్చేవి 22. అంటే ఆ ఎలక్ట్రాన్ ఏ ఒక్క కోబాల్ట్ సొత్తూ కాదు, మూడింటి ఉమ్మడి ఆస్తి.

ఇక జోడించడం గురించి. మన ప్రాంతం వారికి కాకతీయుల గొలుసుకట్టు చెరువులను గుర్తు చేస్తే చాలు. ఒక్కో చెరువు తనంతట తాను నీళ్లు నిలుపుకుంటుంది. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కాల్వ వెంట కింది చెరువుకు చేరుతుంది. విడివిడిగా లెక్కించదగిన చెరువులే ఒక వ్యవస్థ అవుతాయి. క్లస్టర్లను జోడించేవారు కోరుకునేది కూడా అదే: ఒక్కో క్లస్టర్ ఒక ఎలక్ట్రాన్ నిల్వ, నడుమ వంతెన లైగాండ్, అంటే రెండు క్లస్టర్ల లోహాలనూ చెరో కొసతో పట్టుకునే అణువు, ఒక కాల్వ. అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. నీరు పల్లానికే పోతుంది. ఒకే రకమైన రెండు క్లస్టర్ల మధ్య పల్లం, ఎగువ అనేవి లేవు, ఎలక్ట్రాన్ అటైనా ఇటైనా పోవచ్చు. అంతేకాక, ఒక క్లస్టర్‌లో ఎలక్ట్రాన్ చేరిన తరువాత రెండవదానిలో ఇంకొకటి చేర్చడం ముందుకన్నా కష్టమవుతుంది. ఆ కష్టం ఎంత, ఎందువల్ల అన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. దాని సంగతి మూడవ జవాబులో వస్తుంది.

ప్రశ్న: రెండు క్లస్టర్లకు ఒక వంతెన లైగాండ్‌ను కలిపి మరిగిస్తే జంట తయారు కావాలి కదా! పరిశోధన పత్రాల్లో మాత్రం ఐదారు దశలు కనబడుతున్నాయి. ఇన్ని దశలు ఎందుకు? (రసాయన శాస్త్ర అధ్యాపకుడు, కరీంనగర్)

జవాబు: అలా మరిగిస్తే సాధారణంగా వచ్చేది ఏ ద్రావణిలోనూ కరగని పొడి. కారణం సులభమే. ఒక క్లస్టర్‌కు లైగాండ్లు వచ్చి చేరగల స్థానాలు అనేకం ఉంటాయి. ఆరు రీనియం పరమాణువుల అష్టముఖి ఎనిమిది సెలీనియం పరమాణువుల ఘనంలో ఇమిడి ఉండే క్లస్టర్‌ను తీసుకోండి. ఒక్కో రీనియంపై ఒకటి చొప్పున ఆరు దిక్కులకు ఆరు స్థానాలు తెరిచి ఉంటాయి. రెండు కొసల లైగాండ్‌ను ఇస్తే అది ఆరు వైపులా అల్లుకుపోతుంది. మనకు కావలసింది జంట అయితే, ఐదు తలుపులు గట్టిగా మూసి ఒక్కటి మాత్రం తెరిచి ఉంచాలి. ఆ మూయడం, తెరవడం కోసమే ఆ దశలన్నీ.

రీనియం క్లస్టర్ విషయంలో అమెరికాలో రిచర్డ్ హోమ్ బృందం 1990ల్లో చూపిన మార్గం ఇది. ముందుగా ఘన స్థితిలో, అధిక ఉష్ణోగ్రత వద్ద, మూసివేసిన గొట్టంలో క్లస్టర్ కేంద్రకాన్ని తయారు చేస్తారు. తరువాత బయటి స్థానాల్లోని అయోడైడ్‌లలో ఐదింటిని ట్రైఇథైల్ ఫాస్ఫీన్ అనే ఫాస్ఫరస్ లైగాండ్‌తో మారుస్తారు. ఫాస్ఫీన్ ఒకసారి చేరితే తేలికగా కదలదు. మిగిలిన ఒక్క అయోడైడ్‌ను, అసిటోనైట్రైల్ ద్రావణిలో, వెండి లవణంతో లాగేస్తే ఆ ఖాళీలో ద్రావణి అణువే వచ్చి కూర్చుంటుంది. అది బలహీనమైన లైగాండ్ కనుక, రెండు కొసల్లోనూ నైట్రోజన్ ఉన్న పిరజీన్ గాని బైపిరిడీన్ గాని ఇవ్వగానే చోటు వదిలి వెళ్తుంది. ఒక బైపిరిడీన్ అణువుకు రెండు క్లస్టర్ల చొప్పున తూచి వేస్తే జంట వస్తుంది.

ఇక్కడ విద్యార్థులకు తప్పకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. పుస్తకాల్లో సంశ్లేషణ ఒక అధ్యాయంగా, ఆక్సీకరణ–క్షయకరణ (ఎలక్ట్రాన్లను కోల్పోవడం, పొందడం) ఇంకొక అధ్యాయంగా కనబడినా, క్లస్టర్ల దగ్గర ఆ రెండూ ఒకటే పని. తలుపు తెరవడానికి తాళంచెవి చాలాసార్లు ఎలక్ట్రానే. ముందు చెప్పిన త్రిరుథీనియం క్లస్టర్‌నే చూడండి. రుథీనియం ట్రైక్లోరైడ్‌ను ఎసిటిక్ ఆమ్లం, సోడియం అసిటేట్‌లతో ఇథనాల్‌లో మరిగిస్తే దాని మూల రూపం వస్తుంది. మూడు లోహాలూ మూడు ధన ఆక్సీకరణ స్థితిలో ఉన్నంతసేపు అది కార్బన్ మోనాక్సైడ్‌ను నిలుపుకోదు. ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి క్షయకరణం చేస్తే, రెండు ధన స్థితికి వచ్చిన ఒక రుథీనియం కార్బన్ మోనాక్సైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మళ్లీ బ్రోమిన్‌తో ఆక్సీకరణం చేస్తే ఆ పట్టు సడలి కార్బన్ మోనాక్సైడ్ వెళ్లిపోతుంది, దాని స్థానంలో మెథనాల్ వంటి బలహీన లైగాండ్ చేరుతుంది, ఆ స్థానంలోకి వంతెనను తేవచ్చు. 1970ల్లో థామస్ మేయర్ బృందం పిరజీన్ వంతెనలతో ఈ క్లస్టర్లను జోడించింది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే.

కోబాల్ట్ క్లస్టర్ దగ్గర ఇదే సూత్రం మరింత అందంగా పనిచేస్తుంది. 48 ఎలక్ట్రాన్ల క్లస్టర్‌లో కార్బన్ మోనాక్సైడ్‌ను తీసి ఫాస్ఫీన్ పెట్టాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే అక్కరలేనివి కూడా తయారవుతాయి. అదే ద్రావణంలో బెంజోఫినోన్ కీటైల్ వంటి క్షయకారిణిని అతి కొద్ది మోతాదులో వేస్తే, కొన్ని క్లస్టర్లు 49 ఎలక్ట్రాన్ల స్థితికి వస్తాయి. అదనపు ఎలక్ట్రాన్ చేరేది లోహాల మధ్య బంధాన్ని బలహీనపరిచే కక్ష్యకంలో. ఆ సడలింపులో కార్బన్ మోనాక్సైడ్ త్వరగా ఊడి ఫాస్ఫీన్ చేరుతుంది. ఫాస్ఫీన్ చేరిన క్లస్టర్‌కు ఎలక్ట్రాన్‌ను ఉంచుకోవడం భారం కనుక, పక్కన ఇంకా మారకుండా ఉన్న క్లస్టర్‌కు దానిని అందిస్తుంది. ఇలా ఒకే ఎలక్ట్రాన్ చేతులు మారుతూ ఎన్నో అణువులను మారుస్తుంది. రెండు కొసల్లోనూ ఫాస్ఫరస్ ఉన్న డైఫాస్ఫీన్‌ను వాడితే రెండు క్లస్టర్లను ఈ పద్ధతిలోనే గది ఉష్ణోగ్రత వద్ద జోడించవచ్చు. ఎలక్ట్రానే ఉత్ప్రేరకంగా పనిచేయడం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

ప్రశ్న: నేను వరంగల్‌లో పరిశోధన చేస్తున్నాను. ఒక వంతెన లైగాండ్‌తో కలిపిన జంట క్లస్టర్‌కు సైక్లిక్ వోల్టామెట్రీ చేయగా, క్షయకరణ వైపు రెండు తరంగాలు 200 మిల్లీవోల్టుల దూరంలో వచ్చాయి. వంతెన మీదుగా ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతోందని థీసిస్‌లో రాయవచ్చునా? (పరిశోధక విద్యార్థి, వరంగల్)

జవాబు: ఇంకా రాయవద్దు. సైక్లిక్ వోల్టామెట్రీలో పొటెన్షియల్‌ను ముందుకు, వెనుకకు మారుస్తూ విద్యుత్ ప్రవాహాన్ని కొలుస్తారు; మీ రెండు తరంగాలు జంటకు ఒకదాని తరువాత ఒకటిగా ఎలక్ట్రాన్లు చేరడానికి గుర్తులు. రెండు తరంగాలు విడివడడం ఒక మంచి ఆధారం, కాని అది ఒక్కటే చాలదు. ఈ విషయంలో తొందరపడిన థీసిస్‌లను నేను పరీక్షకుడిగా చూశాను కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఆ 200 మిల్లీవోల్టులు నిజంగా చెప్పేదేమిటో చూద్దాం. రెండు క్లస్టర్లలోనూ అదనపు ఎలక్ట్రాన్ లేని జంట ఒకటి, రెండింటిలోనూ ఉన్న జంట ఒకటి కలిస్తే, ఒక్కొక్కటే ఎలక్ట్రాన్ ఉన్న మిశ్రమ జంటలు రెండు ఏర్పడతాయి. ఈ చర్య సమతాస్థితి స్థిరాంకాన్ని తరంగాల మధ్య దూరం నుంచి నేరుగా లెక్కించవచ్చు. 25 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద ప్రతి 59 మిల్లీవోల్టులకు స్థిరాంకం పది రెట్లు పెరుగుతుంది. మీ 200 మిల్లీవోల్టులకు అది సుమారు 2,400. జంటకు ఒకటి చొప్పున ఎలక్ట్రాన్లు ఇచ్చిన ద్రావణంలో దాదాపు 96 శాతం అణువులు మిశ్రమ స్థితిలో ఉంటాయని దీని అర్థం. అసలే సంబంధం లేని రెండు క్లస్టర్లకైనా ఈ దూరం సున్నా కాదు, 35.6 మిల్లీవోల్టులు. ఎలక్ట్రాన్ ఎడమ క్లస్టర్‌లోనైనా కుడి క్లస్టర్‌లోనైనా ఉండవచ్చు అనే సంభావ్యత వల్లనే అంత తేడా వస్తుంది. అప్పుడు స్థిరాంకం 4, మిశ్రమ స్థితిలో ఉండేవి సగం.

కాబట్టి మీ అంకె చెప్పేది మిశ్రమ స్థితి ఎంత స్థిరంగా ఉందనే. ఆ స్థిరత్వం ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. ఎలక్ట్రాన్ వంతెన మీద పరుచుకోవడం వల్ల రావచ్చు. ఒక చోట ఎలక్ట్రాన్ ఉన్నందున పక్కన రెండవదాన్ని పెట్టడాన్ని స్థిర విద్యుత్ వికర్షణ అడ్డుకోవడం వల్ల కూడా రావచ్చు. ఒక కొసన ఎలక్ట్రాన్ చేరగానే వంతెన లైగాండ్ గుణమే మారి, రెండవ కొసను ప్రభావితం చేయవచ్చు. పైగా ఈ దూరం ద్రావణి మీద, సహాయక విద్యుద్విశ్లేష్యం (ద్రావణంలో విద్యుత్ ప్రవహించడానికి కలిపే లవణం) మీద ఆధారపడి మారుతుంది. డైక్లోరోమీథేన్ వంటి తక్కువ ధ్రువత్వం గల ద్రావణిలో, ధనావేశం పెరిగే జంటలకు, సాధారణంగా వాడే హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణం బదులు, అయాన్ జతలు కట్టని పెద్ద ఫ్లోరినేటెడ్ బోరేట్ లవణం వేస్తే తరంగాలు మరింత దూరం జరుగుతాయని విలియం గైగర్ ప్రయోగాలు చూపాయి. ఆ ప్రయోగంలో అణువు మారలేదు, గ్లాసులోని ఉప్పు మాత్రమే మారింది. అందుచేత ఏ ద్రావణిలో, ఏ లవణంతో కొలిచారో రాయకుండా ఆ దూరాన్ని ఇంకొకరి అంకెతో పోల్చడం తప్పు.

అంతకన్నా ముందు ఆ రెండు తరంగాలూ మీరనుకున్నవేనా అన్నది నిర్ధారించుకోవాలి. త్రిరుథీనియం వంటి క్లస్టర్ ఒంటరిగానే అనేక ఏక-ఎలక్ట్రాన్ తరంగాలు చూపుతుంది, వాటిలో రెండింటిని జంటకు చెందిన విడివడిన తరంగాలుగా పొరబడవచ్చు. వంతెన లైగాండ్ ఒక కొసన వేలాడుతున్న ఒంటరి క్లస్టర్‌ను కూడా అదే రోజు, అదే ద్రావణంలో కొలిచి పక్కన పెట్టుకుంటే ఈ అనుమానం తీరుతుంది. తరువాత కూలోమెట్రీ చేయండి, అంటే చర్యకు పట్టిన మొత్తం విద్యుదావేశాన్ని కొలవండి. 10 మైక్రోమోల్‌ల జంటకు ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున 0.965 కూలుంబ్‌లు పట్టాలి. మొదటి తరంగానికి అంత, రెండవదానికీ అంతే రాకపోతే మీ నమూనాలో ఒంటరి క్లస్టర్ కలిసి ఉండవచ్చు. ఆక్సిజన్ విషయం చిన్నదిగా కనబడుతుంది గాని, నా పరిశోధన కాలంలో ఒక ప్రయోగశాలలో ద్రావణం గుండా ఆర్గాన్‌ను తగినంతసేపు పంపకపోవడం వల్ల, కరిగి ఉన్న ఆక్సిజన్ సూపరాక్సైడ్‌గా మారే తరంగాన్ని క్లస్టర్ రెండవ క్షయకరణంగా భావించి మూడు వారాలు పోగొట్టుకున్నాం. పరికరాన్ని శుద్ధ ద్రావణితో, నమూనా లేకుండా ఒకసారి నడిపి చూడటం అప్పటి నుంచి నాకు నియమమైంది.

ఇక ఎలక్ట్రాన్ నిజంగా తిరుగుతోందని నిరూపించడానికి మిశ్రమ స్థితినే నేరుగా చూడాలి. రాబిన్, డే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1967లో మిశ్రమ వేలన్సీ సమ్మేళనాలను మూడు తరగతులు చేశారు: ఎలక్ట్రాన్ ఒకచోటే నిలిచిపోయేవి, కొంత అవరోధాన్ని దాటి అటూ ఇటూ దూకేవి, ఎవరిదని చెప్పలేనంతగా పరుచుకునేవి. రెండవ తరగతిలో, సాధారణంగా సమీప పరారుణ ప్రాంతంలో, ఎలక్ట్రాన్ ఒక కొస నుంచి ఇంకొక కొసకు దూకడానికి చెందిన వెడల్పాటి శోషణ పట్టీ కనబడుతుంది. 1969లో కరోల్ క్రూయిట్జ్, హెన్రీ టౌబే పిరజీన్‌తో కలిపిన రెండు రుథీనియంల అయాన్ ఏ తరగతిదన్న వాదం దశాబ్దాల పాటు సాగింది. టౌబేకు 1983లో నోబెల్ వచ్చింది ఎలక్ట్రాన్ బదిలీ పరిశోధనలకే. ఒక్కో లోహం ఉన్న అంత చిన్న అణువు విషయంలోనే తీర్పు అంత కష్టమైనప్పుడు, ఒక్కో కొసన అనేక లోహాలున్న మీ అణువు విషయంలో ఒక్క వోల్టామోగ్రామ్ మీద ఆధారపడడం న్యాయం కాదు.

మీరు అనుసరించదగిన ఉత్తమ నమూనా, 1997లో క్లిఫర్డ్ కూబియాక్, తసుకు ఇటో బృందాలు పిరజీన్‌తో కలిపిన త్రిరుథీనియం జంటలపై చేసిన పని. ఒక్కో క్లస్టర్‌పై ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును సాక్షిగా ఉంచారు. ఎలక్ట్రాన్ చేరిన క్లస్టర్‌పై ఉన్న కార్బన్ మోనాక్సైడ్ తక్కువ పౌనఃపున్యం వద్ద కంపిస్తుంది కనుక, మిశ్రమ స్థితిలో రెండు పట్టీలు కనబడాలి. తరంగాల మధ్య దూరం తక్కువగా ఉన్న జంటల్లో నిజంగానే రెండు కనబడ్డాయి. చివరి లైగాండ్‌ను ఎలక్ట్రాన్లను బాగా ఇచ్చే డైమిథైలమైనోపిరిడీన్‌గా మార్చినప్పుడు అవి కలిసిపోయి ఒక్కటే వెడల్పు పట్టీ అయింది. రెండు పరారుణ పట్టీలు ఇలా కలిసిపోవాలంటే మార్పు పికోసెకండ్ల లెక్కలో జరగాలి. ఆ వ్యవధిలోనే ఎలక్ట్రాన్ అటూ ఇటూ తిరిగి వస్తోందన్నమాట. వంతెన ఒకటే, క్లస్టర్ ఒకటే. బయటి లైగాండ్ మార్పుతోనే వేగం మారడం గమనించండి. మీ జంటపై కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, పారదర్శక ఎలక్ట్రోడ్ ఉన్న సెల్‌లో పొటెన్షియల్‌ను మారుస్తూ పరారుణ వర్ణపటాలు తీయండి. అప్పుడు వచ్చిన ఫలితం ఏదైనా, ధైర్యంగా రాయండి.

ప్రశ్న: పత్తిలో కంది అంతర పంటగా వేసే రైతు కుటుంబం మాది. నేను ఇంటర్ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెబుతాను. ఇటువంటి క్లస్టర్లు ప్రకృతిలో ఎక్కడైనా ఉన్నాయా? (అధ్యాపకురాలు, జగిత్యాల)

జవాబు: మీ చేనులోనే ఉన్నాయి. కంది మొక్కను మెల్లగా పెకలించి వేళ్ల మీది బుడిపెలను కోస్తే లోపల గులాబీ రంగు కనబడుతుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. అక్కడ నివసించే బాక్టీరియాలోని నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ గాలిలోని నైట్రోజన్‌ను అమోనియాగా మారుస్తుంది. రామగుండం ఎరువుల కర్మాగారంలో ఎంతో వేడి, ఎంతో పీడనం కల్పించి చేసే పనిని, ఈ ఎంజైమ్ నేలలోని వేడిమి వద్ద, ఒక నైట్రోజన్ అణువుకు 8 ఎలక్ట్రాన్లు, జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అణువులు 16 ఖర్చు చేసి పూర్తి చేస్తుంది.

ఆ ఎలక్ట్రాన్లు నడిచే దారి అంతా క్లస్టర్లే. ముందు నాలుగు ఇనుము, నాలుగు గంధకం ఉన్న ఘనం. తరువాత ఎనిమిది ఇనుము, ఏడు గంధకం ఉన్న క్లస్టర్. చివరికి ఏడు ఇనుము, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకం, నడుమ ఒక కార్బన్ ఉన్న క్లస్టర్, నైట్రోజన్ వచ్చి చేరేది ఇక్కడే. వీటిలో రెండవది మన విషయానికి అచ్చమైన ఉదాహరణ: రెండు ఘనాలు ఒక గంధక పరమాణువును పంచుకుని జంటగా మారినట్టు ఉంటుంది. అది రెండు ఎలక్ట్రాన్లను కోల్పోయినప్పుడు కొన్ని ఇనుము–గంధక బంధాలు విడిపోయి, ఆ ఇనుములు ప్రోటీన్‌లోని పక్క పరమాణువులను పట్టుకుంటాయి. తిరిగి ఎలక్ట్రాన్లు రాగానే పాత రూపానికి వస్తుంది. మొదటి రకం ఘనాన్ని హోమ్ బృందం 1972లో ప్రోటీన్ లేకుండానే గాజు పాత్రలో తయారు చేసి చూపింది. ఒక తేడా మాత్రం పిల్లలకు చెప్పండి: ఎంజైమ్‌లో ఒక క్లస్టర్ నుంచి తరువాతిదానికి మధ్య పిరజీన్ వంటి వంతెన లేదు, నానోమీటర్‌కు మించిన దూరాన్ని ఎలక్ట్రాన్ ప్రోటీన్ గుండానే దాటుతుంది.

ప్రశ్న: ఈ ప్రయోగాలను డిగ్రీ విద్యార్థులతో చేయించవచ్చునా? (అధ్యాపకుడు, మంచిర్యాల)

జవాబు: కార్బన్ మోనాక్సైడ్ అంటిపెట్టుకుని ఉండే కార్బొనిల్ క్లస్టర్లతో వద్దు. వాటి తయారీలో, విచ్ఛిత్తిలో కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది, దానికి వాసన లేదు, మంచి ఫ్యూమ్ హుడ్ లేని గదిలో అది ప్రాణాపాయం. రుథీనియం లవణాలు ఖరీదైనవి. కాని అసలు భావాన్ని చూపడానికి క్లస్టర్ అక్కరలేదు. ఫెర్రోసీన్ అంటే రెండు కార్బన్ వలయాల నడుమ ఒక ఇనుము ఉండే అణువు. రెండు ఫెర్రోసీన్‌లు నేరుగా కలిసిన బైఫెర్రోసీన్ రెండు తరంగాలు చూపుతుంది, వాటి మధ్య దూరం సుమారు మూడో వంతు వోల్టు. అవే రెండు ఫెర్రోసీన్‌ల మధ్య రెండు కార్బన్ల సంతృప్త గొలుసు పెట్టిన డైఫెర్రోసినైల్ ఇథేన్ ఒక్క తరంగమే చూపుతుంది. రెండూ గాలిలో నిలిచే ఘన పదార్థాలు, మిల్లీగ్రాముల్లో చాలు. 0.1 మోలార్ టెట్రాబ్యూటైల్ అమోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ కలిపిన డైక్లోరోమీథేన్‌లో, గాలి బాగా ఆడే చోట, గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను ప్రతిసారీ అల్యూమినా పొడితో మెరుగుపెట్టి కొలవండి. ముందుగా విడి ఫెర్రోసీన్‌ను కొలిపించండి. దాని ముందు, వెనుక శిఖరాల మధ్య దూరం 59 మిల్లీవోల్టుల కన్నా బాగా ఎక్కువగా వస్తుంటే ద్రావణపు నిరోధం దానికి కారణమై ఉండవచ్చు, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను దగ్గరకు జరిపి మళ్లీ చూడమనండి.